పదమూడు పేర్ల ఏరివేత

యాభై ఏడేళ్ళ వయసులో నేను ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగినవాళ్ళకి మెదడు తుప్పు పట్టకుండా ఉండటానికని చెప్పేవాణ్ణి. అసలు కారణం అసూయ. మా ఆసుపత్రిలో ఎముకల విభాగం గుమాస్తా ఒకడున్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, తెలివిలో నా దరిదాపులకి రాడని ఇరవై ఏళ్ళుగా నేను హాయిగా నమ్ముతూ వచ్చిన మనిషి. నేను కంటి విభాగంలో రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని చేసే పనిని అతను తన కంప్యూటర్లో టీ చల్లారేలోగా చేసి చూపించాడు. చూపించి ఊరుకుంటే పోయేది. నా భుజం తట్టాడు.

పాఠాలు చెప్పింది మా మేనకోడలు. అది ఈ పని చేసే బతుకుతుంది. మా ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, మా చెల్లెలు, చెల్లెలి కూతురైన ఈ మేనకోడలు. నేను పెళ్ళి జోలికి పోలేదు. తొమ్మిదేళ్ళ కిందట బావగారు పోయాక చెల్లెలు కుట్టుమిషన్ని, కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. చెల్లెలంటే పదకొండు నిమిషాల చెల్లెలు. మేం కవలలం. ఆ పదకొండు నిమిషాల పెద్దరికం పట్టుకుని అన్నయ్యా అని పిలవమని ఊహ తెలిసినప్పటి నుంచి పోరుతూనే ఉన్నాను. అది ఇప్పటికీ ఏరా అనే అంటుంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద గిన్నెలు తీసేసి ల్యాప్‌టాప్ పెట్టేవాళ్ళం. ముందు గదిలో మిషను చప్పుడు, ఇక్కడ నా నిట్టూర్పులు. రెండో నెలలో మేనకోడలు నాకో అభ్యాసం ఇచ్చింది. ఏ ప్రోగ్రాముకైనా పనికొచ్చే చిన్న చిన్న ఫంక్షన్లు పది రాసి ఒక ఫైల్లో పెట్టాలి. ఒకటి పేరుకి ముందూ వెనకా ఉన్న ఖాళీలు కత్తిరించాలి. ఒకటి ఫోన్ నంబర్లోని గీతలు తీసేయాలి. ఒకటి పుట్టిన తేదీ ఇస్తే వయసు చెప్పాలి. ఇలాంటివి ఎవరెవరో ఎప్పుడో మనకంటే బాగా రాసి పెట్టేశారని, మనం రాసేది వాడటానికి కాదని, చేయి తిరగడానికని అది మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ తలూపాను. తలూపడంలో నాకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది.

అలాంటి ఫైలుని లైబ్రరీ అంటారని చెప్పడమే అది చేసిన పొరపాటు. లైబ్రరీ అనగానే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మొదటి ఫంక్షన్ పూర్తవకముందే ఫైలు పైభాగాన పదకొండు వరుసల ముందుమాట రాశాను. నన్నీ దారిలోకి తెచ్చిన పరిస్థితులు, రాబోయే తరాలకి ఇది ఎలా ఉపయోగపడుతుంది, నా స్వాభావిక వినయం, అన్నీ అందులో ఉన్నాయి. దాని కింద ఉన్న కోడు నాలుగు వరుసలు. మేనకోడలు చదివి, "మామయ్యా, తరాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ బ్రాకెట్ మూయి" అంది.

ఫంక్షన్లకి పేర్లు మాత్రం నా ఇష్టానికే వదిలేసింది. ఖాళీలు కత్తిరించేదానికి పొట్టుతీత అని పెట్టాను. తేదీ నుంచి వయసు చెప్పేదానికి వయసెంత. అన్నిట్లోకీ నాకు గర్వకారణమైనది ఏడోది. ఒక జాబితాలో రెండుసార్లు వచ్చినవాటిలో మొదటిదాన్ని ఉంచి, తర్వాతదాన్ని తీసేస్తుంది. దాని పేరు ఏరివేత. మూడు ఆదివారాలు పట్టింది. ఒకటి, రెండు, రెండు, మూడు అని ఇస్తే ఒకటి, రెండు, మూడు అని తిరిగి ఇచ్చిన క్షణాన నేను లేచి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. చెల్లెలు మిషను ఆపి, ఎవరికైనా ఏమైనా అయిందా అని గుమ్మంలోకి వచ్చి చూసింది.

దానికి గుమ్మం దాకా రావాల్సి వచ్చేది, ఎందుకంటే మిషను దగ్గర్నుంచి మా మొహాలు కనిపించడం మానేశాయి. మా ఇద్దరికీ ఒకే ఏడాది కళ్ళలో శుక్లాలు వచ్చాయి. నాది ఎడమ కన్ను, కొంచెం మసక; కుడి కంటికి మొదటి నుంచీ చూపు తక్కువే, అయినా సర్దుకుపోవచ్చు. దానివి రెండు కళ్ళూ, అందులో కుడి కన్ను బాగా ముదిరిపోయింది. అది బట్టలు సరిచేసి బతికే మనిషి. కోట్లకి చేతులు పొట్టి చేయడం, ప్యాంట్లకి అంచులు మడవడం, కాజాలు కుట్టడం. ఈ మధ్య నల్లదారానికీ ముదురు నీలం దారానికీ తేడా తెలియక ఒకాయన నల్ల కోటుకి నీలం కాజాలు కుట్టేసింది. కోటు తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆ మనిషి మళ్ళీ రాలేదు. రోజుకి పది బట్టలు చేసే చేతులు మూడుకి వచ్చాయి. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చేది, నేనూ ఎక్కించలేక పాఠం మధ్యలో మేనకోడలికిచ్చేవాణ్ణి. ఆపరేషన్ కోసం ఎనిమిది నెలల కిందట మా ఇద్దరి పేర్లూ ఆసుపత్రి జాబితాలో నేనే రాశాను. ఈ విడతలో నాది నలభై ఒకటో నంబరు, దానిది నలభై రెండు.

ఆ జాబితా చూసుకోవడమే నా ఉద్యోగం. మా దగ్గరికి కంటి సర్జన్ నాలుగు నెలలకోసారి వస్తారు. వచ్చినప్పుడల్లా అరవై ఆపరేషన్లు, ఒక్కటి ఎక్కువ కాదు. జనానికి తమ పేరు ఎక్కడ జారిపోతుందోనని భయం. ఈ కౌంటర్లో ఒకసారి, ఆ కౌంటర్లో ఒకసారి రాయించుకుంటారు. ఒక్కో కౌంటర్లో పేరు ఒక్కో రకంగా పడుతుంది. అలా రెండుసార్లు పడ్డవాళ్ళని పట్టుకోవడానికి నేను ప్రతి విడతా స్కేలు, పెన్సిలు పెట్టుకుని రెండు రోజులు ఒక్కో వరుసా జరుపుకుంటూ చూసేవాణ్ణి. ఎముకల గుమాస్తా భుజం తట్టింది ఈ పని చూసే.

ఇప్పుడు నా చేతిలో ఏరివేత ఉంది. వాడటానికి కాదన్న మాట చెవి పక్కనుంచి పోయింది. ఒక మంగళవారం పొద్దున్నే జాబితా తెరిచాను. పేర్లతో పోలిస్తే లాభం లేదు కాబట్టి, ఇక్కడే నా తెలివి అంతా చూపించాను, పేర్లని అసలు పట్టించుకోవద్దని చెప్పాను. పుట్టిన తేదీ, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, ఈ మూడూ కలిస్తే ఒకే మనిషి. నొక్కాను. కన్ను మూసి తెరిచేలోగా మొదటి అరవైలో పదమూడు పేర్లు ఎగిరిపోయాయి. వెనకున్న పదమూడుమంది ముందుకి జరిగారు. వాళ్ళకి ఆ మధ్యాహ్నమే నేనే ఫోన్లు చేసి, మీ వంతు ఇంత తొందరగా వచ్చిందంటే దాని వెనక ఒక ప్రోగ్రాము ఉందని ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పాను. ఒకావిడ నన్ను నిండు నూరేళ్ళు బతకమంది. సూపరింటెండెంట్ గారు జాబితా చూసి, రెండు రోజులకి బదులు ఒక పూటలో అయిందేమిటని అడిగారు. ఆవిడ ఎవర్నీ మెచ్చుకోగా ఎవరూ చూడలేదు. నేను ఎముకల విభాగం వైపు అవసరం లేకపోయినా నాలుగుసార్లు నడిచాను.

తర్వాతి సోమవారం, ఆపరేషన్లకి ముందు చేసే పరీక్షలకి నేనూ చెల్లెలూ కలిసి వెళ్ళాం. అది వారం నుంచీ పనులు ఎవరికీ ఒప్పుకోకుండా, ఆపరేషన్ అయ్యాక ఇస్తానని బట్టలు దొంతర పెట్టుకుంటోంది. వరసలో నా వెనకే నిలబడింది. నర్సు నా పేరుకి టిక్కు పెట్టి, దాని పేరు కోసం వేలు కిందికీ పైకీ నడిపి, లేదంది. నేను నవ్వాను. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ లేదంది. అప్పుడు నేను గొంతు పెంచి, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "ఈ జాబితా తయారు చేసింది ఎవరండీ?" అన్నాను.

నర్సు కాగితం తిప్పి కింద సంతకం చూపించింది. "మీరే సార్."

నా గదిలోకి వెళ్ళి మేనకోడలికి ఫోన్ చేశాను. ముందు కంప్యూటర్ల మీద, తర్వాత నర్సుల మీద, ఆ తర్వాత మొత్తం వ్యవస్థ మీద ఫిర్యాదు చేశాను. అది ఓపిగ్గా విని, ఏరివేతలో మనుషుల్ని దేనితో పోల్చావని అడిగింది. మూడూ చెప్పాను.

"మామయ్యా," అంది. "నువ్వూ అమ్మా కవలలు."

అంత చిన్న వాక్యం నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరూ నాతో అనలేదు. పుట్టిన తేదీ ఒకటే. ఇల్లు ఒకటే. మిషను చప్పుడులో వినబడదని అది తన ఫోన్ నంబరుగా నాదే రాయించింది. లోకంలో కవలలుంటారన్న సంగతి మర్చిపోవడానికి ఎవరికైనా హక్కుంది, నాకు తప్ప.

తీసేసిన పదమూడు పేర్లూ స్కేలు, పెన్సిలు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. ఐదు నిజంగానే రెండుసార్లు పడ్డవి. ఒకటి మా చెల్లెలు. మిగిలిన ఏడుగురూ ఆడవాళ్ళే. ఏడుగురి పుట్టిన తేదీ జూలై ఒకటి, వాళ్ళ భర్తల పుట్టిన తేదీ కూడా జూలై ఒకటే, ఇంటికి ఫోను కూడా ఒకటే. ఆసుపత్రిలో నన్ను వెనకాల జూలై అని పిలుస్తారు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళు వస్తే గడి ఖాళీగా ఉండకూడదని అందరికీ జూలై ఒకటి వేసే పద్ధతి పెట్టింది నేనే. సంవత్సరం అంటారా, వయసు అడిగితే అరవై ఐదు, డెబ్భై అని గుండ్రంగా చెబుతారు. పక్కనున్న భార్యని అడిగితే ఆయన వయసే రాసుకోండి అంటుంది. ఆయన పేరు ముందు, ఆవిడ పేరు తర్వాత. నా ఏరివేత మొదటిదాన్ని ఉంచి తర్వాతదాన్ని తీసేస్తుంది. అంటే ఏడిళ్ళలో మొగుళ్ళని ఉంచి పెళ్ళాల్ని తీసేసి, ఆ మధ్యాహ్నం నేను కాలరెగరేసుకుని తిరిగాను.

సూపరింటెండెంట్ గారి ముందు అరగంట నీళ్ళు నమిలాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోన్లు చేసి పిలిచిన పదమూడుమందిలో ఎనిమిదిమందిని ఇప్పుడు వద్దనలేమన్నారు. అరవై దాటి ఒక్కటి చేయరన్నారు. వచ్చే విడత నాలుగు నెలల తర్వాత. చివరికి ఆవిడే ఒక దారి చెప్పారు. ఆ ఏడిళ్ళలోనూ ఇంటికి ఒక చోటుంది. ఆ చోటు ఇద్దరిలో ఎవరికో వాళ్ళే తేల్చుకోవాలి. మిగిలినవాళ్ళు వచ్చే విడతలో అందరికంటే ముందుంటారు. ఏడిళ్ళకీ ఫోన్ చేసి తప్పు నాదని చెప్పి అడగాల్సింది నేనే. ఎనిమిదో ఇంటి సంగతి ఆవిడ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. నాకు నా చోటు కావాలనిపించింది. ఇంకా మూడు ఫంక్షన్లు మిగిలి ఉన్నాయి. తెర మీద అక్షరాలు అలుక్కుపోయి, చుక్కకీ కామాకీ తేడా కనబడక ఆదివారాలు వృథా అవుతున్నాయి. కన్ను బాగైతే నేనేం కాగలనో అన్న ఊహ నాకు అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయింది. పైగా నలభై ఒకటి న్యాయంగా నా నంబరే కదా అని మనసులో ఒక లాయరు లేచి వాదించాడు. వాడి గొంతు అచ్చం నా గొంతులాగే ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు దొంతర పెట్టిన బట్టల్లోంచి ఒకటి తీసి కిటికీ దగ్గర కళ్ళకి ఆనించుకుని కుడుతోంది. నేను తలుపు దగ్గరే నిలబడి, పొరపాటు ఎలా జరిగిందో ఫంక్షన్ లోపలి సంగతులతో సహా వివరించబోయాను. అది మధ్యలోనే ఆపింది.

"చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే కేకు, ఒకటే సైకిలు, ఒకటే ఫోటో. ఫోటోలో కూడా సగం నీ మోచెయ్యే. అవన్నీ సరేరా, పంచుకున్నాం. ఈసారి అసలు నేనే లేనట్టు కొట్టేశావు. నువ్వు, నీ చేత్తో."

దానికి కోపం వస్తే అరుస్తుంది. అప్పుడు అరవలేదు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆ పూట ఏడిచే హక్కు నాది కాదనిపించి గదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న ఫోన్లు మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో డెబ్భై ఏళ్ళాయన ఎత్తారు. ఒకప్పుడు టైప్‌రైటర్లు బాగుచేసేవారట. మెల్లగా, ప్రతి మాటా తూచి మాట్లాడతారు. తప్పు నాదేనని, ఇదే తప్పు మా ఇంట్లో కూడా జరిగిందని, నేనూ మా చెల్లెలూ కూడా అలాగే చిక్కుకున్నామని చెప్పాను. సానుభూతి వస్తుందని ఆశ. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు.

"మరి మీ ఇంట్లో ఎవరికని తేల్చుకున్నారు?"

లాయరు లోపల ఎక్కడా కనబడలేదు. "మా చెల్లెలికే ఇస్తున్నానండీ," అని నా నోట్లోంచి వచ్చేసింది. నేను మంచివాణ్ణని ఎవరూ అనుకోవద్దు. నేను నిర్ణయం తీసుకోలేదు, నోరు జారాను. జారిన మాటని నిజం చేయక తప్పింది కాదు. ఆయన మరి మా ఇంట్లోనూ ఆవిడే అని ఫోన్ పెట్టేశారు.

ఏడిళ్ళలో ఐదుగురు భర్తలు వెంటనే ఒప్పుకున్నారు. ఒకావిడ తన భర్త ఇంకా బండి నడుపుతాడని, ముందు అతనికే చేయించమని, అది తన క్షేమం కోసం కూడానని అంది. ఒకింట్లో నేను లైన్లో ఉండగానే తగువు పెట్టుకుని, మూడుసార్లు మనసు మార్చుకుని, మూడుసార్లూ నాకే ఫోన్ చేసి, చివరికి ఆవిడ గెలిచింది. ఒక్కరు కూడా నన్ను గట్టిగా తిట్టలేదు. నాకు రావాల్సిన తిట్లు వాళ్ళ దగ్గర బాకీ ఉండిపోయాయి.

సాయంత్రం చెల్లెలికి చెప్పాను. గురువారం ఆపరేషన్‌కి నా బదులు నువ్వు వెళ్ళు అన్నాను. అది సూది పక్కన పెట్టి, నా మొహం ఎక్కడుందో అంచనా వేసి అటు చూసింది.

"ప్రేమతో ఇస్తున్నావా, భయంతోనా?"

"రెండూ. ఒక ముసలాయన ముందు నోరు జారాను కూడా."

"నీ వంతుగా వద్దు. నా పేరు మళ్ళీ రాయి. నా పేరు మీదే వెళ్తాను," అంది.

బుధవారం పొద్దున్న సూపరింటెండెంట్ గారు చూస్తుండగా పెన్సిలుతో నా పేరు కొట్టేసి, పక్కన దాని పేరు నిండుగా, ఇంటిపేరుతో సహా రాశాను. ఆ రోజు నుంచే పుట్టిన తేదీ గడిలో తెలియదు అని రాసే వీలు పెట్టించాను. ఎముకల గుమాస్తా సంగతంతా విని మా గదికి వచ్చాడు. ఈసారి భుజం తట్టలేదు. తన విభాగంలో కూడా పోయినేడాది ఇలాగే ఒక కాలు విరిగినాయన మాయమయ్యాడని, ఎవరికీ చెప్పొద్దని చెప్పి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అతను నాకు నచ్చాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. పది రోజులకి చెల్లెలు నల్లదారం, నీలం దారం వేరువేరు డబ్బాల్లో సర్దుకుంది. ఇంట్లో ఎక్కడెక్కడ దుమ్ముందో కూడా ఇప్పుడు దానికి కనబడుతోంది. ఆ బాధ నాకు మొదలైంది.

తర్వాతి ఆదివారం ల్యాప్‌టాప్ తెరిచి, మిగిలిన మూడు ఫంక్షన్లు మొదలుపెడదామన్నాను. మేనకోడలు ఒప్పుకోలేదు. ముందు ఏడోది సరిచేయమంది. సరిచేసినట్టు ఎలా తెలుస్తుందో కూడా రాయమంది. అంటే చిన్న జాబితా ఒకటి ఇచ్చి, ఎంతమంది మిగలాలో ముందే చెప్పి, అంతమందే మిగిలారో లేదో చూడాలట. అలాంటిదాన్ని టెస్ట్ అంటారట, ఇది నాకు మొదటి పాఠంలోనే చెప్పాల్సిందని తనని తాను తిట్టుకుంది. నేను తలూపలేదు, కాగితం మీద రాసుకున్నాను.

రెండు గంటలు పట్టింది. పేర్లని కూడా చూడమన్నాను. అనుమానం వస్తే తీసేయకుండా నాకు చూపించి ఆగమన్నాను. ముందుమాట మొత్తం చెరిపేశాను. టెస్టు కోసం జాబితాలో ఇద్దర్ని రాశాను. ఒకే పుట్టినరోజు, ఒకే ఇల్లు, ఒకే ఫోన్. పేర్లు మాత్రం వేరు, నిజం పేర్లే రాశాను. నొక్కి, తెర మీదికి వంగాను. ఎడమ కన్ను మూసినా కుడి కన్ను మూసినా కింద వచ్చిన అంకె నాకు అలుక్కుపోయిన చుక్కలాగే ఉంది. మేనకోడలు లోపల టీ పెడుతోంది. చెల్లెల్ని పిలిచాను.

అది మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చి, నా భుజం మీదుగా చూసింది. ఎంత వచ్చిందని అడిగాను. దానికి చదవడానికి క్షణం కూడా పట్టలేదు గానీ, పైన ఉన్న రెండు పేర్లూ కూడా చదివినట్టుంది, చెప్పడానికి కొంచెం సేపు పట్టింది.

"రెండురా," అంది. "ఇద్దరం ఉన్నాం."